కనురెప్పల వాపు

నిద్ర లేచి అద్దము చూచుకొనగా ఒక రెప్ప ఉబ్బి, కన్ను సగము మూసికొనిపోయి యుండుట చాలమందికి అనుభవమే. దేహమంతటిలోను కనురెప్పమీది చర్మము మిక్కిలి పలుచనిది. దాని క్రింద క్రొవ్వు దాదాపు లేదు. కండ వదులుగా నుండును. కావున కొద్దిపాటి నీరు చేరినను ఆ చోటు ఇట్టే పొంగును. దోమ నొసట కుట్టినచో చిన్న దద్దురు లేచును. రెప్పమీద కుట్టినచో కన్నే మూతపడును. వాపు ఎంత యున్నదని చూచి వ్యాధి తీవ్రతను కొలువరాదు. వాచినది ఒక కన్నా, రెండా, నొప్పి యున్నదా, దురదయా, జ్వరమా అని విచారింపవలెను.

రెప్ప అంచున ఎఱ్ఱగా లేచి, ముట్టుకొన్నచో సలుపునది కంటికురుపు. వెండ్రుక మొదటనున్న గ్రంథిలో సూక్ష్మజీవులు చేరుటచే ఇది కలుగును. రెప్పల లోపల చమురువంటి ద్రవమును స్రవించు గ్రంథులు వేరుగా కలవు. 17వ శతాబ్దమున వీనిని వర్ణించిన జర్మను వైద్యుడు మైబోం పేరనే వీనిని పిలుతురు. వీని ద్వారము పూడుకొన్నచో నొప్పి లేని గట్టి బొడిపె ఏర్పడును. రెంటికిని తొలి చికిత్స కాపడమే. శుభ్రమైన గుడ్డను చర్మము ఓర్చుకొనునంత వెచ్చని నీట ముంచి పిండి, మూసిన కంటిపై 10 నిమిషములు, దినమునకు మూడు నాలుగు మారులు ఉంచవలెను. వ్రేలిని అరచేత రుద్ది కురుపునకు తాకించు అలవాటు మన యిండ్లలో కలదు. అందు కొంత యుక్తి లేకపోలేదు గాని, ఆ వేడి క్షణములో పోవును. వ్రేలి మురికి మాత్రము నిలుచును. కురుపును పిండరాదు. సాధారణముగా ఒకటి రెండు వారములలో అదియే మానును. బొడిపె కరగనిచో వైద్యుడు రెప్ప లోపలివైపు చిన్న గాటు పెట్టి తొలగించును. మాటిమాటికి కురుపులు లేచువారు రక్తములో చక్కెరను పరీక్ష చేయించుకొనుట మంచిది. వృద్ధులకు ఒకే చోట బొడిపె మరల మరల లేచినచో అది క్యాన్సరు కాదని తేల్చుకొనవలెను.

దురద ముఖ్యముగా నున్నచో సరిపడని వస్తువేదో తగిలినదని తలంపవచ్చును. క్రొత్త కాటుక, జుట్టు రంగు, ఒక్కొక్కప్పుడు కంటిలో వేసిన మందుచుక్కలే కారణమగును. దానిని మానవలెను, చల్లని తడిగుడ్డ హాయినిచ్చును. పెదవులు, నాలుక కూడ వాచి ఊపిరి ఆడనిచో క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

చనుబాలు, ఆకుపసరు కంటిలో పిండుట ఇంకను పూర్తిగా పోలేదు. వీనితోపాటు క్రొత్త సూక్ష్మజీవులు కంటిలో చేరును. వాపుపై సున్నము పట్టువేయుట మరింత ప్రమాదము: అది జారి కంటిలో పడినచో నల్లగ్రుడ్డును కాల్చి చూపును హరించును. అట్లు పడినచో వెంటనే అరగంటకు తక్కువ కాకుండ మంచినీటితో కడుగుచునే యుండి, పిమ్మట వైద్యునికి చూపవలెను. వైద్యుని అడుగక అంగడిలో కొన్న స్టీరాయిడు చుక్కలు ఎఱ్ఱదనమును త్వరగా తగ్గించును. కాని నెలల తరబడి వేసినచో కంటిలో ఒత్తిడి పెరుగును, శుక్లములు ఏర్పడును.

తల్లులకు మేము విశేషముగా చెప్పదలచిన దొకటి కలదు. నాలుగైదేండ్ల బిడ్డకు ప్రతి ఉదయము రెండు కండ్లును ఉబ్బి, నొప్పిగాని దురదగాని లేక, సాయంకాలమునకు వాపు కండ్లను విడిచి పాదములకు దిగుచున్నచో, దోషము కంటిది కాదు, మూత్రపిండములది కావచ్చును. రాత్రి పరుండినప్పుడు నీరు ముఖమున చేరుటయు, నడయాడినప్పుడు క్రిందికి దిగుటయు దీని లక్షణము. జలుబనియో, నిద్ర చాలలేదనియో వారములు గడపుదురు. ఈలోపల మూత్రము తగ్గి నురుగుగా పోవును, పొట్ట ఉబ్బును. మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదేమో తెలిసికొను పరీక్ష చౌకయైనది, కొన్ని నిమిషములలో ముగియును. సకాలమున గుర్తించినచో పెక్కుమంది బిడ్డలకు మందులతోనే వాపు తగ్గును. తిరుగబెట్టు స్వభావము కలదు గనుక వైద్యుడు చెప్పినంత కాలము మందు మానరాదు.

జ్వరముతో ఒక రెప్ప వాచి, కనుగ్రుడ్డు ముందునకు పొడుచుకొని వచ్చి, కన్ను త్రిప్పినప్పుడు నొప్పి కలిగి, చూపు మసకబారినచో కాపడములతో ప్రొద్దుపుచ్చరాదు. ముక్కు ప్రక్కల గాలి గదులలో పుట్టిన చీము కంటి గూటిలోనికి ప్రాకినదన్నమాట. అది అచటినుండి మెదడునకు వ్యాపింపగలదు. నరములోనికి ఎక్కించు మందులు అవసరము గనుక ఆ రాత్రియే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.