కవ్వము, కుండ, కామారో

చల్ల చిలుకుట చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. కుదురుమీది కుండను అదిమిపట్టక విడిచినచో, కవ్వము తిరిగిన వైపునకే కుండయు మెల్లగా తిరుగనారంభించును. రెంటికిని నడుమ ఇరుసు లేదు, పండ్లచక్రము లేదు. ఉన్నదెల్ల సుడి తిరుగుచున్న చల్ల మాత్రమే. క్లచ్ పెడలు లేని కారులో ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ కూర్చుండి టార్క్ కన్వర్టరు చేయుపని మూలమున ఇదియే. స్టెట్టిన్ రేవులోని వుల్కాన్ నౌకానిర్మాణశాలలో పనిచేయుచుండిన హెర్మన్ ఫ్యోటింగర్ అను జర్మను ఇంజనీరు, ఆవిరి టర్బైను మిక్కిలి వడిగా తిరుగుచుండగా ఓడ పంకా నెమ్మదిగా తిరుగవలసి వచ్చుటచేత, ఆ రెంటికి పొత్తు కుదుర్చు ఉపాయము వెదకుచు 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో బ్యూయిక్ సంస్థ 1948లో డైనాఫ్లో అను పేర దీనిని కార్లలోనికి తెచ్చెను.

గారె ఆకారమున నుండు ఉక్కుడొల్లలో నిండుగా నూనె యుండును. ఇంజనుతో తిరుగు రెక్కలచక్రము ఇంపెల్లరు. అది మన కవ్వము. గేరుపెట్టె వైపున నున్నది టర్బైను. అది మన కుండ. ఈ రెంటి నడుమ స్టేటరు అను చిన్నచక్రమొకటి, ఒకవైపునకు మాత్రమే తిరుగగల క్లచ్ పై నిలిచియుండి, టర్బైను నుండి తిరిగివచ్చు నూనెను దారి మళ్ళించి ఇంపెల్లరుకు వెన్నుదన్నుగా పంపును. బండి కదలు క్షణమున ఇంజను టార్కు, అనగా త్రిప్పుబలము, దాదాపు రెండింతలై చక్రములకు చేరుట దీని చలువయే. టర్బైను వేగము ఇంపెల్లరు వేగములో పదింట తొమ్మిదివంతులకు చేరువైనపుడు స్టేటరుకూడ తానే తిరుగనారంభించును. హెచ్చింపు అంతటితో ముగియును.

ఇక స్టాల్ వేగమన నేమి? కుండను కదలనీయక గట్టిగా పట్టుకొని, కవ్వమును శక్తికొలది త్రిప్పినపుడు అది ఎంత వేగమునకు చేరునో అదియే స్టాల్. ఈ వేగము కవ్వమునుబట్టి మాత్రమే గాక త్రిప్పు చేతులనుబట్టియు నుండునని ఆలోచించినవారికి వెంటనే తోచును. కన్వర్టరు కొనువారు మరచునది సరిగా ఈ మాటనే.

హ్యూస్టనులో నున్న మా మేనల్లునికి 1969 నాటి షెవర్లే కామారో కారొకటి కలదు. ఆఫీసుకు పోవుటయు అందులోనే. 350 ఘనాంగుళముల ఇంజనుకు, కవాటములను తెరచు కామ్ షాఫ్టు పదునైనది వేయించుటచేత, నిమిషమునకు 2500 చుట్ల లోపున అది నిద్రమత్తులో నున్నట్లు లాగును. పాత కన్వర్టరు స్టాల్ 1700 కావున, ఎర్రదీపము కడ గేరులో నుండగానే ఇంజను దగ్గి ఆగిపోవుచుండెను. అందుచే అట్టపెట్టెపై 3500 అని అచ్చువేసిన కొత్తదానిని కొని బిగించుకొనెను. నేను వెళ్ళిన మరునాడే నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎడమకాలితో బ్రేకు బిగదన్ని, కుడికాలితో యాక్సిలరేటరు తొక్కినాడు. చుట్లు చూపు సూది 2200 కడ వణకినది. వెనుక టైర్లు కీచుమని ముందునకు ప్రాకినవి. వేడినూనె వాసన గుప్పుమన్నది. "చూశావా మామయ్యా, మోసం! మూడువేల ఐదొందలని డబ్బులు తీసుకున్నారు," అన్నాడు.

మోసమేమియు లేదు. మొదట, బ్రేకు కుండను పట్టలేకపోయినది. చక్రములు కదలినపిమ్మట అది స్టాలే కాదు. రెండవది, ఆ 3500 మరియొక ఇంజను చేతుల కొలత. ఒకే కన్వర్టరులో స్టాల్ వేగము టార్కు వర్గమూలమును అనుసరించి పెరుగును. టార్కు నాలుగింతలైనగాని వేగము రెండింతలు కాదు. 500 అడుగు-పౌనుల పెద్ద ఇంజను వెనుక 3500 చూపునది, మావాని 300 అడుగు-పౌనుల ఇంజను వెనుక 2700 మాత్రమే చూపును. ఖాళీరోడ్డుపై నింపాదిగా పోవుచు ఒక్కసారిగా పెడలు అడుగంట నొక్కి చూడగా, సూది ఎగిరి నిలిచిన చోటు రమారమి అదియే. పెట్టెపై సంఖ్య నమ్మి నిజముగా 3500 ఇచ్చుదానిని వెదకి బిగించియుండినచో, రోజువారీ బండికి అదియే చేటై యుండెడిది.

కవ్వము చిన్నదైనకొలది వేగముగా తిరుగుననుట ఇంటి ఆడవారికి చెప్పనక్కరలేదు. కన్వర్టరు మోయగల టార్కు దాని వ్యాసముయొక్క ఐదవ ఘాతము ననుసరించి మారును. అచ్చముగా అదే పోలికతో 12 అంగుళముల దానిని 10 అంగుళములకు తగ్గించినచో మోతశక్తి రెండున్నర రెట్లు తగ్గి, 1700 కడ నిలుచునది 2700 దాక పోవును. రెక్కల వంపును, స్టేటరు ఆకృతిని మార్చియు నిర్మాతలు ఈ ఫలితమును సాధింతురు.

2700 స్టాల్ వేసిన బండి 2700 చుట్లు వచ్చువరకు కదలదని పలువురి భ్రమ. పైని వర్గమూలమే దీనిని ఖండించును. వీధిలో మెల్లగా కదలునపుడు ఇంజను ఇచ్చునది పూర్తి టార్కులో నాలుగవవంతు మాత్రమే యైనచో, ఆ క్షణపు స్టాల్ సగమే, అనగా 1350. పెడలు మెత్తగా తొక్కువానికి కన్వర్టరు మెత్తగానే యుండును. మావాడు బ్రేకు వదలిన వెంటనే బండి మునుపటివలె ప్రాకిపోక కొంచెము తాళుననుట నిజమే. అయినను ఎర్రదీపము కడ ఇంజను ఆగిపోవుట మానినది.

నిజమైన శత్రువు ఉష్ణము. కవ్వముకన్న కుండ వెనుకబడు జారుడులో పోయిన శక్తి ఎక్కడికిని పోదు. 1840ల దశకమున జేమ్స్ జౌల్ తెడ్డుచక్రముతో నీటిని కలచి చూపినట్లు, అది ద్రవమును కాచును. 2700 చుట్ల కడ 300 అడుగు-పౌనులనగా సుమారు 115 కిలోవాట్లు. బండి నిలిచియుండగా ఇది యంతయు నూనెలోనికే పోవును. కన్వర్టరులో ఐదు కిలోల నూనె యున్నదనుకొన్నచో సెకనుకు పదకొండు డిగ్రీలకు పైగా వేడెక్కును. స్టాల్ పరీక్షను ఐదు సెకనులకు మించనీయరాదనుట ఇందుకే. చిన్న కన్వర్టరు వేసినవారు నూనెకు వేరుగా కూలరు బిగించుకొనుట విలాసము కాదు.

హైవే లెక్క ఇరుసు గేరునుబట్టి, అనగా చక్రము ఒక్క చుట్టునకు గేరుపెట్టె ఎన్ని చుట్లు త్రిప్పవలెనో దానినిబట్టి, యుండును. మావాని గేరుపెట్టె మూడవ గేరులో ఒకటికి ఒకటి. 26 అంగుళముల టైర్లతో గంటకు 60 మైళ్ళ కడ, 3.73 ఇరుసు ఉన్నచో ఇంజను 2900కు చేరువగా తిరుగును, 3.08 ఉన్నచో 2400 కడనే. మొదటిదానితో కన్వర్టరు హాయిగా పట్టుబిగించి పోవును. రెండవదానితో చిన్న ఎక్కుడు వచ్చి పెడలు నొక్కినంతనే జారుట మొదలిడును. కావున బండి బరువు, ఇరుసు గేరు, టైరు ఎత్తు, కామ్ షాఫ్టు వివరము అడుగక కన్వర్టరు అమ్మజూపువాని కడ కొనకుండుట మేలని నా అభిప్రాయము. రోజూ నడపు బండికి, కామ్ షాఫ్టు మేల్కొను వేగమునకు కొంచెము పైన స్టాల్ నిలిచిన చాలును. సందేహమున్నచో తక్కువవైపే మొగ్గవలెను. దీపము కడ ప్రక్కబండివాని చెవులకోసము కొనువారికి ఈ సలహా రుచింపకపోవచ్చును.

బండి కదలుటకు ఎక్కువ స్టాల్, హైవేపై తక్కువ స్టాల్ కావలయునను ఈ ఇరకాటమునకు విరుగుడులు పూర్వమే పుట్టినవి. ప్యాకార్డు సంస్థ 1949లోనే అల్ట్రామాటిక్ గేరుపెట్టెలో లాకప్ క్లచ్ పెట్టి, వేగమందుకొన్న పిమ్మట కవ్వమును కుండకు కట్టివేసినది. ఇట్టి క్లచ్ గల గేరుపెట్టెలో ఎక్కువ స్టాల్ హైవేపై అంతగా బాధింపదు. నాకు ముచ్చటైనది మాత్రము 1960ల నడుమ బ్యూయిక్, ఓల్డ్స్‌మొబీల్, క్యాడిలాక్ కార్లలో వచ్చిన స్టేటరు. దాని రెక్కలు వంపు మార్చుకొనెడివి. పెడలు గట్టిగా నొక్కినపుడు ఎక్కువ స్టాల్, సాగిపోవునపుడు తక్కువ స్టాల్, ఒకే డొల్లలో.

మావాని కారులో అది లేదు. రేడియేటరు ముందు చిన్న కూలరును, డాష్‌బోర్డు క్రింద నూనె వేడి చూపు గడియారమును బిగించినాడు. నేను తిరుగు ప్రయాణమైననాటి సాయంకాలము విమానాశ్రయపు దారిలో వాహనములు బారులు తీరి నిలిచిపోయినవి. 3500 మాట వాడు మరల ఎత్తలేదు. సూది 90 డిగ్రీలు దాటగనే గేరును న్యూట్రలులోనికి లాగి, అది దిగువరకు ఆ చిన్న గడియారము వంకనే చూచుచు కూర్చుండెను.