రంగునీటికి ఎండవైద్యం

బట్టలకొట్టులో చీర బేరమాడేటప్పుడు పెద్దవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: రంగు దిగుతుందా? దిగదని దుకాణదారు హామీ ఇస్తేనే బేరం ముందుకు సాగుతుంది. ఎండకు వెలవక, సబ్బుకు లొంగక, చెమటకు చెదరక నిలిచే వర్ణకాలకోసం రసాయన శాస్త్రజ్ఞులు నూటయాభై ఏండ్లకు పైగా శ్రమించారు. ఆ శ్రమ ఫలించింది. అయితే బట్టకు పట్టక అద్దకపు తొట్టిలో మిగిలిన రంగు కూడా అంతే మొండిది. నీటిలో చేరిన తరువాత ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు అది సులభంగా లొంగదు.

పూర్వం మచిలీపట్నం, పెడన ప్రాంతాల అద్దకంవారు ఎరుపునకు చిరివేరును, నీలానికి నీలిమందును వాడేవారు. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పదునెనిమిదేండ్ల విద్యార్థి లండనులో మలేరియా మందైన క్వినైన్‌ను తయారుచేయబోయి ఊదారంగు వర్ణకాన్ని సాధించాడు. అది మొదలు కృత్రిమ వర్ణకాలదే రాజ్యం. నేడు వాడుకలో ఉన్నవాటిలో సగానికి పైగా అజో వర్ణకాలు. రెండు నైట్రోజన్ పరమాణువులు జంటబంధంతో కలిసి, వాటికి ఇరువైపులా బెంజీన్ వంటి వలయాలు ఉండడం వీటి లక్షణం. రంగుకు మూలం ఆ అమరికే.

నూలుబట్టలకు వాడే రియాక్టివ్ వర్ణకాలలో పదోవంతు నుండి సగం దాకా, రంగునుబట్టి, పద్ధతినిబట్టి, బట్టకు అంటక నీటితో పోతుంది. లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము ఉన్నా కొన్ని రంగులు కంటికి కనబడతాయి. రంగెక్కిన నీటిలోకి వెలుతురు దిగదు. నాచు, నీటిమొక్కలు ఆహారం తయారుచేసుకోలేవు. పైగా కొన్ని అజో వర్ణకాలు ప్రాణవాయువు అందని బురదలో విరిగి, కాన్సర్ కలిగించే బెంజిడీన్ వంటి అమీన్లను విడుస్తాయి.

ఈ నష్టం ఎంతదూరం పోగలదో తిరుప్పూరు చూపింది. బనియన్లకు, టీషర్టులకు ప్రసిద్ధమైన ఆ తమిళ పట్టణంలోని అద్దకశాలల నీరు నొయ్యల్ నదిలో కలిసేది. సేద్యానికని 1990 దశకం మొదట్లో దిగువన సిద్ధమైన ఒరత్తుపాళయం ఆనకట్ట చివరకు ఆ ఉప్పునీటికి, రంగునీటికి నిలవతొట్టి అయింది. రైతులు న్యాయస్థానానికెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకశాలలను మూసివేయమని ఆదేశించింది. ఒకవైపు పాడైన పొలాలు, మరొకవైపు పని పోయిన కూలీలు. బయటికి చుక్కనీరు వదలని ఏర్పాటు ఉంటేనే తిరిగి నడపాలన్న నియమం అక్కడ స్థిరపడింది.

రంగునీటిని శుద్ధిచేసే పాత పద్ధతులు లేకపోలేదు. పటిక వేస్తే రంగు మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని ఎక్కడ పోయాలన్నది వేరే సమస్య. ఉత్తేజిత బొగ్గు రంగును పీల్చుకుంటుంది. అప్పుడు రంగు నీటిలోనుండి బొగ్గులోకి మారుతుందే గాని నశించదు. గాలి పట్టించిన తొట్లలో పెరిగే సూక్ష్మజీవులకు అజో వర్ణకాలు అంతగా రుచించవు. కాబట్టి అణువును తీసి పక్కన పెట్టడం కాక, దానిని ముక్కలుగా విరిచే ఉపాయం కావలసివచ్చింది.

ఆ ఉపాయం తెల్లరంగు డబ్బాలోనే ఉన్నది. గోడల రంగులోను, టూత్‌పేస్టులోను తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడు అనే పొడికి ఎండ తగిలితే ఒక విచిత్ర శక్తి వస్తుంది. కొన్నేండ్లు ఎండలో ఉన్న తెల్లరంగు గోడను తాకితే చేతికి సుద్దవంటి పొడి అంటుతుంది. రంగులోని జిగురు పదార్థాన్ని ఆ తెల్లపొడే ఎండ సాయంతో తినివేయడం దానికొక కారణం. రంగుల కర్మాగారాలవారికి ఇది చిరకాలంగా తలనొప్పి. 1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో కెనిచి హోండా వద్ద పరిశోధన చేస్తున్న అకిరా ఫుజిషిమా, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడు స్ఫటికంపై వెలుగు ప్రసరింపజేయగా బుడగలు రావడం గమనించాడు. నీరు విడిపోతున్నది! వారి వ్యాసం 1972లో నేచర్ పత్రికలో వెలువడింది. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఇదే పొడితో నీటిలోని సయనైడును నశింపజేయవచ్చునని చూపారు.

ఇందులోని రహస్యం ఇది. టైటానియం డయాక్సైడు ఒక అర్ధవాహకం. ఇందులో ఎలక్ట్రాన్లు కింది అంతస్తులో నిండుగా ఉంటాయి. పై అంతస్తు ఖాళీ. అనటేజ్ అనే స్ఫటికరూపంలో ఈ రెండింటి నడుమ ఎడం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 388 నానోమీటర్లకు మించని తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి తగిలితే ఒక ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది. దాని స్థానంలో ధనావేశపు వెలితి మిగులుతుంది. దీనినే రంధ్రం అంటారు. చాలా జంటలు సెకనులో కోటివంతు గడవకముందే మళ్లీ కలిసిపోతాయి, పట్టిన వెలుగు వృథా అవుతుంది. కలియక పొడి ఉపరితలానికి చేరిన కొద్ది రంధ్రాలు నీటినుండి ఎలక్ట్రాన్‌ను లాగుకొని హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తాయి. ఎలక్ట్రాన్లను నీటిలో కరిగిన ప్రాణవాయువు అందుకుంటుంది. హైడ్రాక్సిల్ రాడికల్‌కు ఆక్సీకరణ శక్తిలో క్లోరిన్, ఓజోన్ కూడా సాటిరావు. అది వర్ణకపు అణువును ఎక్కడ తగిలితే అక్కడ కొరుకుతుంది. అజో బంధం తెగగానే రంగు పోతుంది. అందులోని నైట్రోజన్ చాలావరకు వాయువుగా ఎగిరిపోతుంది. వలయాలు నెమ్మదిగా విరిగి, చిట్టచివరకు బొగ్గుపులుసు వాయువు, నీరు, సల్ఫేటు, నైట్రేటు వంటివి మిగులుతాయి. పొడి మాత్రం ఖర్చు కాదు; ఉత్ప్రేరకమనే పేరు అందుకే.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. రంగు పోవడం వేరు, విషం పోవడం వేరు. నీరు తేరిన తరువాత కూడా విరిగిన వలయాల ముక్కలు చాలాసేపు మిగిలి ఉండవచ్చు. నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనాన్ని కొలిచినప్పుడే నిజం తెలుస్తుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే మిథిలీన్ బ్లూ తానే కనబడే వెలుగును గ్రహించి ఎలక్ట్రాన్లను పొడికి అందించగలదు. కాబట్టి ఆ ఒక్క రంగు వెలిసిందని చెప్పి కొత్త ఉత్ప్రేరకం సాధారణపు వెలుగులో పనిచేస్తుందనే ప్రకటనలను అనుమానంతోనే చదవాలి.

ఆటంకాలు చిన్నవి కావు. రాయలసీమ ఎండయినా సరే, అందులో అతినీలలోహిత భాగం నూటికి నాలుగైదు పాళ్లే. 2001లో జపాను శాస్త్రజ్ఞులు పొడిలో నైట్రోజన్‌ను చొప్పించి కనబడే వెలుగును కూడా కొంత పనిలో పెట్టారు. చిక్కటి రంగునీరు వెలుగును తానే మింగి పొడికి అందనీయదు. అతిసూక్ష్మమైన పొడిని నీటినుండి తిరిగి రాబట్టడం కష్టం. గాజుకో, జియోలైటుకో అంటిస్తే రాబట్టే పని తప్పుతుంది గాని వేగం తగ్గుతుంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జియోలైట్లపై ఇటువంటి కృషి జరిగింది. స్పెయినులోని అల్మెరియా సౌరకేంద్రంలో 1990ల నుండి వంపు అద్దాలతో ఎండను గొట్టాలలోని నీటిపైకి మళ్లించి పరీక్షిస్తున్నారు.

అన్నిటికంటె గట్టి అడ్డంకి ఉప్పు. రియాక్టివ్ రంగును నూలుకు పట్టించడానికి తొట్టిలో ఉప్పు విరివిగా పోస్తారు. వెలుగు దానిని విరవలేదు. పైగా క్లోరైడు, బైకార్బొనేటు అయాన్లు హైడ్రాక్సిల్ రాడికళ్లను మధ్యలోనే కాజేస్తాయి. నొయ్యల్ పొలాలను చెరచినదానిలో రంగుతోపాటు ఈ ఉప్పు పాలు కూడా పెద్దదే. అందుచేత తొట్టినీటికంతటికీ ఇదొక్కటే మందనడం సరికాదు. ఇతర పద్ధతులలో చాలా భాగం శుద్ధి అయి పలుచబడిన నీటిలో, సూక్ష్మజీవులకు లొంగక మిగిలిన కొద్దిపాటి వర్ణకాన్ని విరిచివేయడం దీనికి తగిన పని. ఆ నీరు ఉప్పును వేరుచేసే పొరల వద్దకు పోయేసరికి, పొరలను పూడ్చే సేంద్రియ పదార్థం తగ్గి ఉంటుంది.