తలుపు పట్టేస్తే ఏ పనిముట్టు తీయాలి?

వేసవిలో వేలితో నెడితే పడిన తలుపు శ్రావణమాసం వచ్చేసరికి ద్వారబంధానికి పట్టేయడం మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. "వడ్రంగిని పిలిచి కాస్త చిత్రిక పట్టించండి" అంటారు పెద్దలు. పట్టించవచ్చు. కాని తీసేసిన చెక్కను తిరిగి అతికించలేం. అందుచేత పనిముట్టు చేతికి తీసుకునే ముందు, తలుపు ఎందుకు పట్టేసింది, ఎంత మేర పట్టేసింది అన్నది తేల్చుకోవాలి.

ఎండిన చెక్క కూడా గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. కణకవచాల్లోని సెల్యులోజు పోగుల నడుమ నీటి అణువులు చేరి వాటిని ఎడంగా జరుపుతాయి. చెక్క ఉబ్బుతుంది. తేమ సుమారు 30 శాతానికి చేరేవరకు ఈ ఉబ్బు సాగుతుంది. ఆ పైన వచ్చే నీరు కణాల బోలులో నిలుస్తుందే గాని చెక్క ఇక పెరగదు. విచిత్రమేమిటంటే, ఉబ్బు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పోగుల పొడవునా పెరుగుదల దాదాపు శూన్యం, పెరిగేదంతా అడ్డంగానే.

చిన్న లెక్క వేద్దాం. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి అడ్డంగా, వార్షిక వలయాల వెంబడి, 5 నుంచి 6 శాతం కుంచించుకుంటుంది. అంటే తేమ 1 శాతం మారితే వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుందన్నమాట. వేసవిలో 10 శాతం ఉన్న తేమ వానల్లో 15 శాతం అయిందనుకోండి. నిలువు పలకలను పక్కపక్కనే బిగించిన 90 సెంటీమీటర్ల తలుపు 9 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు! అదే కమ్మీల చట్రం కట్టి, గాడుల్లో పలకలను వదులుగా కూర్చోబెట్టిన తలుపైతే? పలకలు గాడిలోనే పెరిగి సర్దుకుంటాయి. అడ్డకమ్మీల పోగులు తలుపు వెడల్పు వెంబడే ఉంటాయి కనుక అవి పెరగవు. మిగిలినవి రెండు నిలువు కమ్మీలు. ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లనుకున్నా మొత్తం పెరుగుదల 2 మిల్లీమీటర్లే. పూర్వపు వడ్రంగులు ఈ లెక్క కాగితం మీద వేశారో లేదో గాని, తలుపులో మాత్రం వేసి చూపించారు.

ఇప్పుడు మీ తలుపు సంగతి. తాళం వైపు పై మూల తగులుతూ, మడతబందుల వైపు పైన సందు ఎక్కువగా కనిపిస్తే, అది ఉబ్బు కాదు. బందుల మరలు వదులై తలుపు వాలింది. దానికి తగిన పనిముట్టు స్క్రూడ్రైవరే! అలా కాకపోతే ద్వారబంధం లోపలి అంచుకు సుద్దముక్క రాసి తలుపు మూసి తెరవండి. తలుపు మీద సుద్ద అంటిన చోటే రాపిడి ఉన్నట్టు.

తీయవలసింది 1 మిల్లీమీటరు లోపైతే చెక్కముక్కకు చుట్టిన ఉప్పుకాగితం చాలు. అయితే పాత రంగు ఉన్న తలుపును పొడిగా రుద్దకండి. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధనలు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలయ్యాయి. అంతకు ముందటి రంగు దుమ్ములో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి రుద్ది, ఆ మడ్డిని తడిగుడ్డతో ఎత్తి పారేయండి.

ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు చిత్రికను మించింది లేదు. కొన్నిచోట్ల దీన్నే రందా అంటారు. దాని అడుగు చదునుగా, పొడవుగా ఉంటుంది. పల్లం మీదుగా దాటిపోయి మిట్టలనే కోస్తుంది, కనుక అంచు తిన్నగా వస్తుంది. పోగులు వాలిన దిశలోనే నడపాలి. ఎదురు నడిపితే పెచ్చులు లేస్తాయి. కరెంటు చిత్రిక పని త్వరగా చేస్తుంది, ఏమరుపాటుగా ఉంటే తలుపును పాడుచేయడమూ అంత త్వరగానే చేస్తుంది. ఒక్క తలుపుకైతే చేతి చిత్రికే నయమని నా అభిప్రాయం.

మరి రంపం ఎప్పుడు? గదిలో కొత్తగా టైల్సు పరిచాక తలుపు అడుగు నేలకు రాసుకుంటోంది, 6 మిల్లీమీటర్లకు పైగా తీయాలి. అప్పుడు. రెండు మిల్లీమీటర్ల పట్టీని రంపంతో కోయబోతే, బయటివైపు ఆనడానికి చెక్క లేక రంపం పక్కకు జారుతుంది. కింది అంచున నిలువు కమ్మీల పోగులు అడ్డంగా తెగుతాయి. అందుకే ముందు గీత వెంబడి పదునైన కత్తితో గాటు పెట్టి, సన్నపళ్ళ రంపంతో కోయాలి. తరువాత చిత్రికను మూలల నుంచి మధ్యకు నడపాలి. ఒక కొస నుంచి రెండో కొసకు ఒకేసారి లాగితే చివరి మూల చీలిపోతుంది. ప్లైవుడ్ ఫ్లష్ తలుపుకైతే అంచున ఉండేది సన్నటి గట్టిచెక్క పట్టీయే. అది దాటి కోశారంటే లోపలి అతుకులు బయటపడతాయి.

వానల్లోనే తలుపు సుఖంగా ఆడేటంత చెక్కిస్తే, ఏప్రిల్‌లో ఆ సందులోంచి బల్లి దూరుతుంది. తలుపు ఎలాగో పడుతోందంటే ఇప్పుడు పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, వానలు వెళ్ళి చెక్క ఆరాక చెక్కించండి. అసలు పడకపోతే రాపిడి తగ్గేటంత మాత్రమే తీయించండి. చెక్కిన అంచుకు వెంటనే రంగో వార్నిషో వేయాలి. పోగుల కొసలు బయటపడే పై అంచు, కింది అంచు తేమను అన్నిటికంటే వేగంగా పీలుస్తాయి. కంటికి కనబడవు కనుక వాటికి రంగు వేయడం చాలామంది మరచిపోతారు. ఒకసారి స్టూలెక్కి మీ తలుపు పై అంచును వేలితో తడిమి చూడండి.