ప్రభ వెలగాలి, మాస్‌ఫెట్ కాలకూడదు

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినవాళ్లకి కరెంటు ప్రభల గురించి వేరే చెప్పక్కర్లేదు. మా బాబాయి వాళ్ల ఊళ్లో పిల్లలు ఈసారి సొంతంగా ఆరడుగుల బుల్లి ప్రభ కట్టుకున్నారు. వెదురుబద్దలు, రంగు కాగితాలు, ఐదు మీటర్ల 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్. లైట్లు మెల్లగా పెరిగి తగ్గాలని ఈఎస్‌పీ32 బోర్డు, ఐఆర్‌ఎఫ్540ఎన్ మాస్‌ఫెట్ బిగించారు. కానీ కోడ్‌లో ఫుల్ పెట్టినా స్ట్రిప్ మసగ్గానే వెలుగుతోంది. మాస్‌ఫెట్ ముట్టుకుంటే వేలు చురుక్కుమంటోంది. కాగితం పక్కన అంత వేడంటే మాటలా!

ఆ స్ట్రిప్‌కి దాదాపు 2 ఆంపియర్లు కావాలి. బోర్డు పిన్ ఇవ్వగలిగేది కొద్ది మిల్లీ ఆంపియర్లే. అందుకే మధ్యలో మాస్‌ఫెట్. సాగర్ కాలువ మీద తూము షట్టర్ అనుకోండి: నీళ్లు కాలువవి, తిప్పే చెయ్యి మాత్రం బోర్డుది. డిమ్మింగ్ అంటే షట్టర్‌ని సగం ఎత్తి ఉంచడం కాదు. సెకనుకి కొన్ని వందలసార్లు పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించడం. ఎంతసేపు ఎత్తి ఉంచామన్నదే వెలుగు. దీన్నే పీడబ్ల్యూఎం అంటాం.

ముందు బోర్డు గ్రౌండ్, 12 వోల్టుల అడాప్టర్ మైనస్ కలిశాయో లేదో చూశాను. కలిశాయి. తర్వాత కోడ్‌ని ఫుల్‌లో ఉంచి, మల్టీమీటర్‌ని డ్రెయిన్‌కి, సోర్స్‌కి మధ్య పెట్టాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది, 2 వోల్టులు చూపించింది. కరెంటు 0.8 ఆంపియర్. అంటే 1.6 వాట్లు ఊరికే వేడవుతున్నాయి. హీట్‌సింక్ లేని ఆ ప్యాకేజీ వాట్‌కి 62 డిగ్రీలు వేడెక్కుతుంది. లెక్క వెయ్యండి, గది వేడి మీద ఇంకో వంద డిగ్రీలు!

షట్టర్ సగమే లేచిందన్నమాట. డేటాషీట్‌లో గేట్ థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది. అది చూసి 3.3 వోల్టులు చాల్లే అనిపిస్తుంది. కానీ ఆ అంకె 250 మైక్రో ఆంపియర్లు పారడానికి, అంటే తూము చెమ్మగిల్లడానికి. పూర్తిగా తెరుచుకోవడానికి ఆ షీటే చెప్పే గేట్ వోల్టేజి 10. (థ్రెషోల్డ్ అన్న పేరే మనల్ని ముంచుతుందని నా అభిప్రాయం.)

దాని బదులు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ వేశాం. గేట్‌కి 5 వోల్టులిస్తే దీని నిరోధం 0.025 ఓమ్ దాటదు. 5 వోల్టులు కావాలి కాబట్టి బోర్డు కూడా మార్చి ఆర్డుయినో ఊనో పెట్టాం. ఇప్పుడు 2 ఆంపియర్లు పారినా వేడి 0.1 వాట్, అంటే ఆరు డిగ్రీలు. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు స్ట్రిప్ ఒక్కసారి భగ్గుమనడం కూడా ఉంది. అప్పటికి గేట్‌ని పట్టుకునేవాడు ఎవడూ లేక అలా జరుగుతుంది. గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే పోయింది.

ఇక మన బ్రాంచ్ పని. 255లో సగం 128 పంపితే సగం వెలుగు అనిపించదు, చాలా ఎక్కువ అనిపిస్తుంది. మన కన్ను అలాంటిది. విలువని 255తో భాగించి, 2.2 ఘాతం చేసి, మళ్లీ 255తో గుణించి పంపాలి. అప్పుడు కంటికి సగం అంటే 55. ప్రభ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది.

ఒక్క మాట. ఇళ్లకి కట్టే సీరియల్ సెట్లు చాలావరకు నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి. ఈ సర్క్యూట్ వాటికి తగిలించొద్దు. అక్కడ ట్రయాక్, ఐసోలేషన్, ఆ లెక్కే వేరు. ఎలక్ట్రికల్ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే ముట్టుకోండి.