ఈసీజీ బాగుంది... మరి ఎందుకు పడిపోయినట్టు?

పూడిమడక నుంచి ఓ పెద్దాయన మా ఓపీకి వచ్చారు. వల సర్దుతూ రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయారట. బీపీ, షుగర్ అదుపులోనే ఉన్నాయి. ఈసీజీ నార్మల్. “ఈసీజీ బాగుందంటే గుండె బాగున్నట్టే కదా బాబూ!” అన్నారు ఊరటగా. కాదని చెప్పాల్సి వచ్చింది. మామూలు ఈసీజీ చూసేది 10 సెకన్లే. మిగతా రోజంతా గుండె ఏం చేస్తోందో అది చెప్పలేదు. అందుకు హోల్టర్ కావాలి. ఆ చిన్న పెట్టె రోజంతా ఎలా పనిచేస్తుందో తెలిస్తే పరీక్షను సరిగా చేయించుకోవడం తేలికవుతుంది.

గుండె తూకం

గుండె కొట్టుకున్నప్పుడు చర్మం మీదకు చేరే విద్యుత్తు దాదాపు 1 మిల్లీవోల్టు. టార్చిలైటు బ్యాటరీలో 1,500వ వంతు. ఆ అలను అంకెలుగా మార్చే సర్క్యూట్‌ను అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్, క్లుప్తంగా ఏడీసీ అంటారు.

ఎక్కువగా వాడే ఒక రకం ఏడీసీ అచ్చం తక్కెడలా పనిచేస్తుంది. అనకాపల్లి బెల్లం దిమ్మను తూస్తున్నామనుకోండి. ముందు పెద్ద రాయి వేస్తాం. రాయి వైపు మొగ్గితే తీసేస్తాం, లేకుంటే ఉంచుతాం. తర్వాత అందులో సగం బరువున్న రాయి, ఆపైన దానిలో సగం. ఇలా 12 రాళ్లతో చూస్తే 4,096 మెట్లలో సరైనదేదో తేలిపోతుంది.

వేగానికీ ఖర్చుంది

ఇలా సెకనుకు ఎన్నిసార్లు తూయాలి? అలలోని అతి వేగమైన కదలికకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు. తగ్గితే, సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించే తరహాలో, లేని అల ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్దల ఈసీజీకి సెకనుకు 500 కొలతలు చాలు. అల్ట్రాసౌండ్ తరంగాలు సెకనుకు లక్షలసార్లు కంపిస్తాయి కాబట్టి ఒక్కో ఛానల్‌కు దాదాపు 4 కోట్ల కొలతలు అవసరం. అలాంటి ఛానళ్లు పదుల సంఖ్యలో ఉంటాయి.

మరి అన్నింటికీ ఆ వేగమే పెట్టేయొచ్చుగా? కుదరదు. తూచిన ప్రతిసారీ చిప్‌లోని బుల్లి కెపాసిటర్లు ఛార్జి అవ్వాలి, ఖాళీ అవ్వాలి. వేగం పెరిగేకొద్దీ కరెంటు ఖర్చు, వేడి పెరుగుతాయి. చేతిలో పట్టే స్కాన్ ప్రోబ్ వేడెక్కడానికి ఇదీ ఒక కారణం. ఒంటికి తగిలే భాగం 43 డిగ్రీల సెల్సియస్ దాటకూడదన్నది నిబంధన.

డిజైనర్లు దీనికి రెండు ఉపాయాలు వాడతారు. ఒకటి, ఓపీ రద్దీకి నాలుగు కౌంటర్లు తెరిచినట్టు, ఓ మోస్తరు వేగమున్న నాలుగు తక్కెడలతో వంతులవారీగా తూయించడం. రెండోది, ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య సర్క్యూట్‌ను నిద్రపుచ్చడం. వైద్య పరికరాల తయారీ కోసం మన విశాఖలో 2018 డిసెంబరులో మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైంది. అక్కడైనా, ఇంకెక్కడైనా బ్యాటరీతో నడిచే పరికరం చేసేవారికి ఎదురయ్యే చిక్కుముడి ఇదే.

వీపు మీద 38 కిలోలు

1940లలో అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ తయారుచేసిన తొలి పరికరం దాదాపు 38 కిలోలు. వీపున మోయాల్సి వచ్చేది. నేటి హోల్టర్ మెడలో వేలాడుతుంది. సెకనుకు 250 చొప్పున చూసినా 24 గంటల్లో ఒక్కో లీడ్‌కు 2 కోట్ల 16 లక్షల కొలతలు. అన్నీ చిన్న బ్యాటరీ మీదే.

మా పెద్దాయన హోల్టర్ పెట్టించుకున్నారు. మధ్యాహ్నం కళ్లు తిరిగితే మనవరాలు టైము రాసిపెట్టింది. రికార్డులో సరిగ్గా ఆ నిమిషంలోనే గుండె 4 సెకన్లకు పైగా ఆగింది. కారణం దొరికింది, పేస్‌మేకర్ అమర్చారు. ఆ పిల్ల రాసిన టైము లేకపోతే ఇంత కచ్చితంగా చెప్పగలిగేవాళ్లం కాదు.

గుర్తుంచుకోండి

• హోల్టర్ ఉన్నంతసేపు స్నానం వద్దు, ప్యాచ్‌లు లాగొద్దు. సెల్‌ఫోన్‌ను పెట్టెకు దూరంగా ఉంచండి.

• మంచం మీదే ఉండిపోవద్దు. డాక్టర్ వద్దంటే తప్ప రోజువారీ పనులు చేసుకోండి.

• దడ, కళ్లు తిరగడం, ఆయాసం వచ్చిన టైము, అప్పుడు చేస్తున్న పని రాయండి.

• ఒక్క రోజులో ఏమీ దొరక్కపోతే జబ్బు లేదని కాదు. ఇంకా ఎక్కువ రోజులు రికార్డు చేయాల్సి రావచ్చు.

• స్మార్ట్‌వాచ్ ఈసీజీ గుండెను ఒకే కోణంలో, అర నిమిషంపాటు చూస్తుంది. అది బాగుందని గుండెపోటు లేదనుకోవద్దు.

• ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

- జనరల్ మెడిసిన్ వైద్యుడు, ప్రభుత్వ ఆసుపత్రి, ఎలమంచిలి