ఏడాదికి రెండుసార్లా, రెండేళ్లకు ఒకసారా?
‘బైయాన్యువల్’, ‘బయెన్నియల్’ పదాల అర్థం, వాడుక

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున ఉన్న కొంటా మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒకవైపు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, మరోవైపు ఒడిశాలోని మోటు. సుక్మా జిల్లాకు చెందిన ఈ పట్టణంలో, పరిసర గ్రామాలలో తెలుగు, హిందీ, దోర్లీ, గోండీ, హల్బీ వినిపిస్తాయి. ప్రభుత్వ కార్యక్రమాల వివరాలు ఆంగ్లంలో మొదలై, హిందీలోకి మారి, చివరకు ఇంటి గుమ్మం దగ్గర దోర్లీలోనో తెలుగులోనో మాటగా చేరుతాయి. ఇన్ని చేతులు మారే క్రమంలో ఒక్క పదం అర్థం తప్పినా దాని ప్రభావం గ్రామం మీద పడుతుంది.

అటువంటి పదాల జంట ‘బైయాన్యువల్’, ‘బయెన్నియల్’. వినడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అర్థంలో మాత్రం వాటి మధ్య నాలుగింతల తేడా ఉంది. ‘బైయాన్యువల్’ అంటే ఏడాదికి రెండుసార్లు. ‘బయెన్నియల్’ అంటే రెండేళ్లకు ఒకసారి. రెండేళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే మొదటిది నాలుగుసార్లు జరుగుతుంది, రెండవది ఒక్కసారే.

మేడారం ఏ కోవకు చెందుతుంది?

కొంటా ప్రాంతానికి బాగా తెలిసిన ఉదాహరణ మేడారం. తెలంగాణలోని ములుగు జిల్లాలో మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క-సారలమ్మ మహాజాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ఆదివాసీ భక్తులు తరలివస్తారు. నాలుగు రోజుల ఈ మహాజాతర 2022లోను, 2024లోను, 2026లోను జరిగింది. అంటే ఇది రెండేళ్లకోసారి వచ్చే పండుగ. ఆంగ్లంలో దీనిని ‘బయెన్నియల్’ అనాలి. ‘బైయాన్యువల్’ అని రాస్తే ఏటా రెండు మహాజాతరలు జరుగుతాయని అర్థం వస్తుంది. మధ్యలో వచ్చే ఏడాది జరిగే మినీ జాతర వల్ల మేడారం ఏటా జరుగుతుందని కొందరు అనుకోవచ్చు కానీ, మహాజాతర లెక్క వేరు, మినీ జాతర లెక్క వేరు.

చట్టసభల భాషలోనూ ఇదే పదం కనిపిస్తుంది. రాజ్యసభ సభ్యుని పదవీకాలం ఆరేళ్లు. రాజ్యాంగంలోని 83వ అధికరణం ప్రకారం ప్రతి రెండేళ్లకు సుమారు మూడో వంతు సభ్యులు పదవీ విరమణ చేస్తారు. ఆ స్థానాలకు జరిగే ఎన్నికలు ‘బయెన్నియల్’ ఎన్నికలు. తెలుగు పత్రికలు వీటినే ‘ద్వైవార్షిక ఎన్నికలు’ అంటాయి.

పసిబిడ్డల మోతాదు లెక్క

ఈ తేడాను పట్టించుకోక తప్పని రంగం ప్రజారోగ్యం. పిల్లలకు విటమిన్-ఎ ద్రావణాన్ని తొమ్మిదో నెలలో మొదలుపెట్టి, రెండో మోతాదును 16-18 నెలల మధ్య ఇచ్చి, ఆ తరువాత ఆరు నెలలకోసారి చొప్పున అయిదేళ్లు నిండేదాకా ఇవ్వాలి. మొత్తం తొమ్మిది మోతాదులు. ఏడాదికి రెండు విడతలుగా సాగే ఇటువంటి కార్యక్రమాన్ని ఆరోగ్య శాఖ పత్రాలు ‘బైయాన్యువల్’ అని పేర్కొంటాయి. దానిని రెండేళ్లకోసారి అని పొరబడితే అదే బిడ్డకు అయిదేళ్లలోపు దక్కేవి మూడు మోతాదులే. నులిపురుగుల నివారణ మాత్రల పంపిణీకీ ఫిబ్రవరి 10, ఆగస్టు 10 అని రెండు తేదీలు ఉన్నాయి. ఇక్కడ తేదీలే చెప్పడం వల్ల సందేహానికి తావు లేకుండా పోయింది.

తికమక ఎక్కడిది?

రెండు పదాలకూ మూలం లాటిన్‌లో ఏడాదికి ఉన్న మాటే. రెండేళ్ల కాలాన్ని సూచించే లాటిన్ పదం నుంచి ‘బయెన్నియల్’ పదిహేడో శతాబ్దంలోనే ఆంగ్లంలోకి వచ్చింది. ‘బైయాన్యువల్’ పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టింది. ముందు చేరే ‘బై’ ఒకచోట ‘రెండింటికి ఒకటి’ అని, మరోచోట ‘ఒకదానిలో రెండు’ అని అర్థమివ్వడమే చిక్కు.

వారం, నెల దగ్గరకు వచ్చేసరికి ఈ చిక్కు మరింత ముదురుతుంది. భారతీయ రైల్వేలో ‘బై-వీక్లీ’ ఎక్స్‌ప్రెస్ అంటే వారానికి రెండు రోజులు నడిచే రైలు. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారికి ‘బై-వీక్లీ’ జీతం అంటే రెండు వారాలకోసారి వచ్చేది, ఏడాదికి 26 సార్లు. రిజర్వు బ్యాంకు ‘బై-మంత్లీ’ పరపతి విధానం రెండు నెలలకోసారి వెలువడుతుంది. ఈ రెండు పదాలకూ నిఘంటువులు రెండేసి అర్థాలు ఇస్తున్నాయి కనుక సందర్భాన్ని బట్టే గ్రహించాలి.

తెలుగులో ఉన్న సౌలభ్యం

తెలుగులో ఈ గందరగోళం దాదాపు లేదు. ‘ఏడాదికి రెండుసార్లు’, ‘రెండేళ్లకు ఒకసారి’ అన్నప్పుడు ‘కి’, ‘కు’ ప్రత్యయాలు కాలాన్ని పట్టుకుంటాయి, ‘సారి’ లెక్కను చెబుతుంది. సంస్కృత సమాసాలూ ఒకే పద్ధతిలో నడుస్తాయి. త్రైమాసికం అంటే మూడు నెలల కాలం. ద్వైమాసికం రెండు నెలలకోసారి, ద్వైవార్షికం రెండేళ్లకోసారి. ఆరు నెలలకోసారి జరిగేది అర్ధవార్షికం. బడిలో అర్ధ సంవత్సర పరీక్షలు రాసిన ప్రతివారికీ తెలిసిన మాటే. హిందీలో దీనినే ‘ఛమాహీ’ అంటారు. కాబట్టి ‘బైయాన్యువల్’ను ‘ద్వైవార్షిక’ అని అనువదించడం తప్పు, ‘అర్ధవార్షిక’ అనాలి.

గుర్తుంచుకోవడానికి తెలుగు చెవికి పట్టే ఒక తేలిక మార్గం ఉంది. ‘బయెన్నియల్’ అన్న మాటలో ‘ఎన్ని’ వినిపిస్తుంది. ఎన్నేళ్లకోసారి అని ప్రశ్నించుకుంటే, రెండేళ్లకోసారి అని జవాబు. ‘బైయాన్యువల్’లో యాన్యువల్ పరీక్షల ‘యాన్యువల్’ ఉంది. అది ఒక ఏడాది. ఆ ఏడాదిలోపలే రెండుసార్లు.

ఆంగ్లంలో రాసేవారు సైతం ఏడాదికి రెండుసార్లు అని చెప్పదలిస్తే ‘హాఫ్-ఇయర్లీ’ లేదా ‘ట్వైస్ ఎ ఇయర్’ అని, రెండేళ్లకైతే ‘ఎవ్రీ టూ ఇయర్స్’ అని రాయడం క్షేమం. గ్రామసభ నోటీసులో, టీకా కార్డులో, పథకం కరపత్రంలో నెలనూ తేదీనీ వేయడం అంతకన్నా మేలు. ‘ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి’ అన్న మాట హిందీ నుంచి దోర్లీలోకి మారినా, దోర్లీ నుంచి తెలుగులోకి మారినా అర్థం చెడదు. నోటిమాటగానే సమాచారం అందే కుటుంబాలకు ఆ స్పష్టత ఎంతో అవసరం.