తోడేళ్ళ సంతతి పునరుద్ధరణ - ఏటేటా గణన ఆవశ్యకత

పొలాల గట్లపై నాలుగు తోడేళ్ళు కనిపించగానే వాటి సంఖ్య పెరిగినదన్న వార్త వెలువడటం పరిపాటి అయినది. ఒక్క ఏడాది లెక్కతో గాని, ఒక ఛాయాచిత్రంతో గాని అటువంటి నిర్ణయానికి రావడం సాధ్యం కాదు. ఒకే పద్ధతిలో, ఒకే ఋతువులో, ఏళ్ళ తరబడి సాగిన గణన మాత్రమే సంతతి కోలుకుంటున్నదీ లేనిదీ తెలియజేయగలదు. ఈ విషయమున అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనం అనుభవం పరిశీలించదగినది.

1872లో ఏర్పడిన ఆ వనంలో తోడేళ్ళను హానికర జంతువులుగా భావించి, 1926 నాటికి దాదాపు తుడిచిపెట్టారు. దరిమిలా 1995లో కెనడాలోని ఆల్బెర్టా నుండి 14, 1996లో బ్రిటిష్ కొలంబియా నుండి 17 తోడేళ్ళను తెచ్చి, మెడకు రేడియో పట్టీలు అమర్చి విడిచిపెట్టడం జరిగింది. నాటి నుండి ప్రతి శీతాకాలంలో కొన్నింటికి కొత్తగా పట్టీలు అమర్చుతున్నారు. మంచుపై గుంపు స్పష్టంగా కనబడుతుంది కనుక ఆ ఋతువులోనే విమానం నుండి, నేల నుండి లెక్కిస్తారు.

ఇక్కడ గమనార్హమైన విశేషం ఒకటున్నది. తోడేళ్ళు కోలుకున్నట్లు ప్రకటించడానికి తలల లెక్క ఒక్కటే చాలదని అక్కడి అధికారులు భావించారు. డిసెంబరు 31 నాటికి కనీసం రెండు పిల్లలను బతికించుకున్న ఆడ, మగ తోడేళ్ళనే ‘సంతాన జంట’గా పరిగణించారు. ఉత్తర రాకీ పర్వత ప్రాంతంలోని మూడు రాష్ట్రాలలో ఇటువంటి జంటలు 30, అదీ వరుసగా మూడేళ్ళు ఉండవలెనన్నది లక్ష్యం. అది 2002 చివరికి నెరవేరింది. పుట్టిన పిల్లలన్నిటినీ కలిపి పెద్ద అంకె చూపే వీలు ఈ నిర్వచనంలో లేదు.

వనంలో తోడేళ్ళ సంఖ్య 2003 చివరన 174కు చేరినది. 2005లోను, 2008లోను డిస్టెంపర్ వ్యాధి సోకి పిల్లలు పెద్దసంఖ్యలో మరణించాయి. ఆహారమైన ఎల్క్ దుప్పులు కూడా తగ్గాయి. 2009 నుండి సంఖ్య ఇంచుమించు 100కు అటూ ఇటూగా నిలిచినది. రెండు అంకెలు మాత్రమే తీసుకుంటే ఇది పతనంగా తోచును. మొత్తం వరుస చూచినవారికి ఆహారానికి తగిన స్థాయిలో సంతతి కుదురుకున్నదని అర్థమవుతుంది.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో తోడేలుకు స్థానం లభించినది. 2022లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం దేశంలో సుమారు 3,170 పెద్ద తోడేళ్ళు ఉన్నట్లు అంచనా వేసినది. అంతకు మునుపటి అంచనా 2,000 నుండి 3,000 వరకు ఉన్నది. ఈ రెండూ వేర్వేరు పద్ధతులలో రూపొందినవి కనుక వీటిని పక్కపక్కన పెట్టి ‘పెరిగినవి’ అని రాయడం సరికాదు. సంఖ్యతోబాటు సంవత్సరం, పద్ధతి, విస్తీర్ణం కూడా పత్రికా మిత్రులు అడిగి తెలుసుకొనగలరు.

పులికి చారలున్నవి; కెమెరా చిత్రాలతో ఒక్కొక్క పులినీ గుర్తించవచ్చును. తోడేలుకు ఆ సౌకర్యం లేదు. పైగా అవి అధికంగా అభయారణ్యాల వెలుపల, రికార్డులలో బంజరుగా నమోదైన గడ్డి భూములలో, గొర్రెల మందల నడుమ సంచరిస్తాయి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కొరకు ఏర్పడినది. కృష్ణజింకలకు, తోడేళ్ళకు కూడా ఆశ్రయమైనది. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఒక్క తోడేళ్ళ గుంపు సంచారానికైనా అది చాలదు. కనుక చుట్టుపక్కల గ్రామాల కాపరులు చెప్పే సమాచారమే సిబ్బందికి ముఖ్య ఆధారం. ఏ తేదీన, ఎన్ని కనిపించినవి, బొరియ వద్ద పిల్లలున్నవా అన్నవి అప్పటికప్పుడు నమోదు చేయవలసియున్నది. మంద నుండి గొర్రె పోయిన కాపరికి పరిహారం సకాలంలో అందనప్పుడు ఆ సమాచారం రావడం కూడా ఆగిపోతుంది.

ఊరకుక్కలతో మరొక చిక్కున్నది. పుణె పరిసరాల గడ్డి మైదానాలలో కుక్క, తోడేలు సంకరం జరిగినట్లు జన్యు పరీక్షలలో తేలిన విషయం 2023లో వెల్లడైనది. దూరం నుండి తోడేలువలె కనిపించిన ప్రతి జంతువునూ లెక్కలో చేర్చడానికి వీలులేదు. అనుమానమున్నచోట విసర్జితాల నమూనాలు సేకరించి, ప్రయోగశాల ఫలితం వచ్చిన తరువాతనే సంఖ్యను ప్రకటించడం ఉచితం.